సాక్షుల లెక్క, సాక్షుల విలువ

కృష్ణా, గోదావరీ డెల్టాల నడుమనున్న పల్లపు భూమిలో కొల్లేటి సరస్సు కలదు. దానిలోని నీటిలో అధికభాగము వెలుపలినుండి వచ్చి చేరినదే. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు మున్నగు ఏరులు మెట్టప్రాంతముల వాననీటిని తెచ్చి అందు కలుపును. వరిపొలముల మురుగుకాలువలును, ఊళ్ల మురుగును కూడ ఆ సరస్సునే చేరును. మిగులునీరు ఉప్పుటేరు ద్వారా బంగాళాఖాతములోనికి పోవును. కావున కొల్లేటి నీరు ఎట్టిదో తెలిసికొనగోరువాడు దోసిలిలోని నీటిని చూచి మాత్రమే తృప్తిపడడు. ఏ ఏరు ఎచ్చటినుండి వచ్చుచున్నది, ఏ కాలువ దేనిని మోసికొని వచ్చుచున్నది అని కూడ విచారించును. అంతర్జాలమునందలి పుటలను పరీక్షించుటకును ఇట్టి విచారణయే ఒకటి కలదు.

ఈ కాలమున ఏ విషయము తెలిసికొనవలెనన్నను జనులు మొట్టమొదట అంతర్జాలమునే ఆశ్రయించుచున్నారు. పరీక్షకు చదువుకొను విద్యార్థి, చేపల చెరువునకు మందు వెదకు రైతు, బిడ్డకు జ్వరము తగిలి దిగులుపడు తల్లి - అందరును చేతిలోని ఫోనునే అడుగుదురు. అది క్షణకాలములో వేలకొలది పుటలను ముందు పెట్టును. వానిలో నిజము చెప్పునవి కలవు. తెలియక తప్పు చెప్పునవి కలవు. సరకు అమ్ముకొనుటకై కల్లలు చెప్పునవియు కలవు. కాని అన్నియు ఒకే తీరున, అందమైన అక్షరములతో, రంగుల బొమ్మలతో కన్పట్టును. అచ్చుపుస్తకమునకు సాధారణముగా ప్రకాశకుడు, సంపాదకుడు ఉందురు. తప్పు దొర్లినచో వారికి మాట వచ్చును. అంతర్జాలమున పుటను పెట్టుటకు ఎవరి అనుమతియు అక్కరలేదు. అందుచేత ఏ పుటను ఎంతవరకు నమ్మవచ్చునను ప్రశ్నకు సమాధానమును చదువరియే వెదకుకొనవలసి యున్నది. ఈ వెదకులాటలో ఉపకరించు గుర్తులలో ఒక ముఖ్యమైన గుర్తు, ఆ పుటకు ఇతరులు చూపిన దారులు.

ఒక పుటను మరియొక పుటతో కలుపు దారినే లింకు అందురు. 1989లో జెనీవా నగర సమీపమునందలి సెర్న్ పరిశోధనాలయములో పనిచేయుచుండిన టిమ్ బెర్నర్స్-లీ అను ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు, వేర్వేరు కంప్యూటర్లలోనున్న పత్రములను ఇట్టి లింకులతో కలుపు పద్ధతిని ప్రతిపాదించెను. 1991లో అది లోకులకు అందుబాటులోనికి వచ్చెను. వెబ్ అని పిలువబడుచున్నది అదియే. ఒక పుటలో రంగు మారియో, క్రింద గీతతోనో కన్పట్టు మాటను వ్రేలితో తాకినచో వేరొక పుట తెరచుకొనును. ఆ మాట వెనుకనున్నదే లింకు.

లింకులు రెండు విధములుగా నుండును. ఒక పుటనుండి బయటకు పోవునవి మొదటి విధము. వానిని ఆ పుటను వ్రాసినవాడే పెట్టుకొనును. ఇతర పుటలనుండి ఆ పుటకు వచ్చునవి రెండవ విధము. వానిని ఇతరులు పెట్టుదురు. తన పుటలో ఏమి వ్రాయవలెనో వ్రాసినవాని ఇష్టము. కాని ఇతరులు తన పుటను చూపవలెనా, వద్దా యనునది వారి ఇష్టము. అందువలననే వచ్చు లింకులకు సాక్ష్యపు విలువ కలిగినది. తన్నుగూర్చి తాను చెప్పుకొను మాటకంటె, తన్నుగూర్చి ఇతరులు చెప్పు మాటకు బలమెక్కువ.

ఇది క్రొత్త నీతి కాదు. ప్రతి అంగడిలోను నడచుచున్నదే. తాడేపల్లిగూడెము ఉల్లిపాయల టోకు వ్యాపారమునకు పేరుపొందిన పట్టణము. కర్నూలు సీమనుండియు, మహారాష్ట్రమునుండియు సరకు లారీలలో ఇచ్చటికి వచ్చును. ఇట్టి మార్కెటునకు క్రొత్త వర్తకుడొకడు వచ్చి, ఒక లారీ సరకును అప్పుపై అడిగెననుకొనవచ్చును. తాను నమ్మదగినవాడనని అతడు నూరుమారులు చెప్పినను సరకు కదలదు. అదే మార్కెటులో ఇరువది ఏండ్లుగా మాట తప్పని వ్యాపారి ఒకడు ముందుకు వచ్చి, “ఇతని పూచీ నాది” అనినచో వెంటనే సరకు కదలును. ఏలయన, ఆ మాట తప్పినచో పోవునది ఆ పెద్దమనిషి పరువు. అట్లుగాక నిన్నమొన్న వచ్చిన పదిమంది కలిసి అతని పక్షమున మాటలాడినను వినువారుండరు. ఆ పదిమందియు అతని బావమరుదులే యని తెలిసినచో, వారి మాట పది సాక్ష్యములు కాదు, ఒక్క సాక్ష్యమైనను కాదు. సాక్షుల సంఖ్య వేరు, సాక్షుల విలువ వేరు. ఈ భేదమును గుర్తించుటయే లింకులను పరీక్షించు విద్యకు మూలము.

పండితులును, న్యాయవాదులును ఈ విద్యను అంతర్జాలము పుట్టకముందే ఎరుగుదురు. 1873లో అమెరికాలో ఫ్రాంక్ షెపర్డ్ అను నతడు న్యాయస్థానముల తీర్పులకు ఒక సూచికను ప్రారంభించెను. ఒక పాత తీర్పును తరువాతి తీర్పులలో ఏవేవి పేర్కొన్నవో, దానిని అనుసరించినవో, లేక త్రోసిపుచ్చినవో ఆ సూచికవలన తెలియును. కొట్టివేయబడిన తీర్పును నమ్ముకొని న్యాయస్థానమునకు పోయిన న్యాయవాది నవ్వులపాలగును గదా! పిమ్మట యూజీన్ గార్‌ఫీల్డ్ అను పండితుడు ఈ పద్ధతిని విజ్ఞానశాస్త్ర వ్యాసములకు అన్వయింపవచ్చునని 1955లో వ్రాసెను. 1964లో ఆయన సంస్థ శాస్త్రవ్యాసముల ఉల్లేఖనల సూచికను ప్రకటింప మొదలిడెను. ఏ వ్యాసమును తరువాతి శాస్త్రజ్ఞులు ఎక్కువగా పేర్కొనుచున్నారో ఆ సూచిక చూపును. నేటి లింకు ఆనాటి ఉల్లేఖనకు తమ్ముడు వంటిది.

వెబ్ పెరిగినకొలది, కావలసిన పుటను వెదకి తెచ్చు యంత్రములు అవసరమయ్యెను. తొలినాటి యంత్రములలో అనేకము, అడిగిన మాట ఏ పుటలో ఎన్నిమారులు కలదో ముఖ్యముగా చూచుచుండెను. దీనిని కనిపెట్టిన మోసగాండ్రు తమ పుటలలో ఒకే మాటను వందలకొలది మారులు వ్రాసిపెట్టిరి. వర్తకుడు తన్ను తాను పొగడుకొనినట్లే ఇది. 1990 తరువాతి దశకములో కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున పరిశోధన చేయుచుండిన లారీ పేజ్, సెర్గీ బ్రిన్ అను ఇద్దరు యువకులు వేరొక దారి త్రొక్కిరి. పుట తన్నుగూర్చి ఏమి చెప్పుచున్నదను దానితోబాటు, దానిని ఎవరు చూపుచున్నారనునది కూడ వారు లెక్కలోనికి తీసికొనిరి. ఈ లెక్కకు పేజ్‌ర్యాంకు అని పేరు. 1998లో వారు దీనిని వివరించుచు వ్యాసము వ్రాసిరి. ఆ యేడే గూగుల్ సంస్థను స్థాపించిరి.

పేజ్‌ర్యాంకు లెక్క డెల్టా రైతునకు సులభముగనే బోధపడును. ధవళేశ్వరము ఆనకట్ట వద్ద నిలిచిన గోదావరి నీరు పశ్చిమ డెల్టాకై విజ్జేశ్వరము వద్ద ప్రధాన కాలువలోనికి ప్రవేశించును. అచ్చటినుండి ఏలూరు కాలువ, ఉండి కాలువ, నరసాపురము కాలువ మున్నగు శాఖలుగా చీలును. శాఖలనుండి పంటకాలువలు, వానినుండి పంటబోదెలు బయలుదేరును. ఒక బోదెలో ఎంత నీరు పారునో తెలియవలెనన్న రెండు సంగతులు చూడవలెను. పైకాలువలో ఎంత నీరున్నది? ఆ నీరు ఎన్ని బోదెలకు పంచబడుచున్నది? లింకు విషయమును అంతే. చూపుచున్న పుటకు ఎంత బరువున్నది? ఆ బరువు ఎన్ని లింకులకు పంచబడుచున్నది?

దీనిని చిన్న అంకెలతో చూడవచ్చును. 12 పాళ్ల బరువుగల ఒక పుట కేవలము 3 పుటలను చూపుచున్నచో ఒక్కొక్కదానికి 4 పాళ్లు ముట్టును. అంతే బరువుగల మరియొక పుట విచక్షణ లేక 120 పుటలను చూపుచున్నచో ఒక్కొక్కదానికి ముట్టునది ఒక పాలులో పదవవంతు మాత్రమే. మొదటి విధమైన లింకు ఒక్కటి వచ్చిన పుటకు 4 పాళ్లు లభించును. రెండవ విధమైన లింకులు ముప్పది వచ్చిన పుటకు 3 పాళ్లు మాత్రమే లభించును. ముప్పదికంటె ఒక్కటి ఎక్కువయగుటలోని రహస్యమిదియే. ఏరికోరి చూపువాని వ్రేలికి విలువయెక్కువ. అందరిని చూపువాని వ్రేలికి విలువ తక్కువ.

ఇచ్చట ఒక చిక్కు తోచును. ఒక పుట బరువు తెలియవలెనన్న దానిని చూపు పుటల బరువు ముందు తెలియవలెను. వాని బరువు తెలియవలెనన్న వానిని చూపు పుటల బరువు తెలియవలెను. దీనికి అంతమెక్కడ? గణితజ్ఞులు దీనికి ఉపాయము నెరుగుదురు. మొదట అన్ని పుటలకును సమానమైన బరువు నిత్తురు. ఆ బరువును లింకుల వెంబడి పంచుదురు. పంచగా వచ్చిన మొత్తములను మరల పంచుదురు. ఇట్లు పెక్కుమారులు చేయగా అంకెల కదలిక క్రమముగా తగ్గి నిలకడ యేర్పడును. లింకులు లేని పుటలవద్దను, తమలో తామే చుట్టుకొను పుటలవద్దను లెక్క చిక్కుకొనకుండుటకై, చదువరి నూటికి 85 మారులు లింకుల వెంట పోవుననియు, 15 మారులు ఏదో ఒక పుటకు తోచినట్లు దుముకుననియు లెక్కలో ఊహించిరి.

మంచి కొలబద్ద వాడుకలోనికి వచ్చినంతనే దానిని మోసగించువారును పుట్టుదురు. లింకులకు విలువ కలదని తెలియగనే లింకుల వర్తకము బయలుదేరెను. ఒకే యజమాని వందలకొలది బూటకపు పుటలను సృష్టించి, వానిచేత తన పుటను చూపించుకొనుట. డబ్బిచ్చి లింకులు కొనుట. ఇతరుల పుటల క్రింద పాఠకులు అభిప్రాయములు వ్రాయు చోట తన లింకును అంటించిపోవుట - ఇట్టివన్నియు ప్రబలెను. 2003లో కొందరు కూడబలుకుకొని, ఘోరపరాజయమని అర్థమిచ్చు ఒక పరిహాసపు మాటకు లింకు తగిలించి, నాటి అమెరికా అధ్యక్షుడు జార్జి బుష్ జీవితచరిత్ర పుటను చూపిరి. అంతట ఆ మాటను వెదకినవారికి ఆయన పుటయే ముందుగా కనబడసాగెను. 2007లో గూగుల్ తన లెక్కను సవరించి దీనిని అరికట్టెను. అంతకుముందే, 2005లో వెదకులాట సంస్థలు ఒక గుర్తును ప్రవేశపెట్టియుండెను. ఆ గుర్తు పెట్టిన లింకు ఆనాడు సాక్ష్యముగా లెక్కకు వచ్చెడిది కాదు. 2012లో గూగుల్ బూటకపు లింకులతో పైకివచ్చిన పుటలను క్రిందికి దింపు మార్పును చేసెను. నేటి వెదకులాట యంత్రములు లింకులతోబాటు మరెన్నియో గుర్తులను చూచుచున్నవి. ఐనను మోసము పూర్తిగా పోలేదు. పట్టికలో మొదట వచ్చిన పుటయే నిజము చెప్పునని నమ్ముట నేటికిని ప్రమాదకరమే.

కావున యంత్రము చేసిన లెక్కతో ఊరకుండక, చదువరి తానును సాక్షులను విచారింపవలెను. ఈ విచారణ ఎట్లుండునో ఒక ఉదాహరణమువలన తెలియును. కైకలూరు, ఆకివీడు ప్రాంతములలో చేపల చెరువులు విస్తారము. ఒక రైతు తెల్లవారుజామున చెరువునకు పోగా చేపలు నీటిపైకి తేలి నోళ్లు తెరచుచున్నవనుకొనవచ్చును. ఆలస్యమైనచో ఏటి శ్రమ అంతయు ఒక్క ఉదయముననే నీటిపాలగును. అతని కుమారుడు ఫోనులో వెదకగా రెండు పుటలు కనబడెను. మొదటిది ఒక మందును పేర్కొని, సీసా వేసిన గంటలో చేపలు కోలుకొనునని చెప్పుచున్నది. దానిని నలుబది పుటలు చూపుచున్నవి. రెండవదానిని చూపునవి ఆరు మాత్రమే.

అంకెను మాత్రమే చూచినచో మొదటిదే గొప్పది. కాని బాలుడు ఆ నలుబదింటిలో కొన్నిటిని తెరచి చూచినచో కథ మారును. అన్నిటను అవే వాక్యములు, అదే సీసా బొమ్మ, అదే దుకాణము ఫోను సంఖ్య. అవి నలుబది నోళ్లు కావు. నలుబది గోడలకు అంటించిన ఒకే ప్రకటన. రెండవ పుటను చూపుచున్న ఆరింటిలో ఒకటి మత్స్యశాస్త్ర కళాశాలది, ఒకటి ప్రభుత్వ మత్స్యశాఖది, ఒకటి వ్యవసాయ మాసపత్రికది. వీరెవ్వరును ఒకరికొకరు బంధువులు కారు. ఆ పుటవలన వీరికి వచ్చు లాభమును లేదు. ఆ పుట ఏమి చెప్పుచున్నది? రాత్రివేళ నీటిలోని సూక్ష్మమైన మొక్కలు కూడ ప్రాణవాయువును పీల్చుకొనుననియు, అందువలన తెల్లవారుజామునకు చెరువులో ప్రాణవాయువు మిక్కిలి తగ్గుననియు, వెంటనే గాలిమరలు త్రిప్పి నీటిని కదలించి, మేత ఆపవలెననియు చెప్పుచున్నది. కారణమును చెప్పుచున్నది, ఉపాయమును చెప్పుచున్నది, ఏ సీసాను కొనుమని చెప్పలేదు.

ఈ ఉదాహరణమునుండి సాక్షిని అడుగవలసిన ప్రశ్నలు నాలుగు తేలుచున్నవి. లింకు ఇచ్చినవాడు ఎవడు, ఆ విషయము తెలిసినవాడేనా? లింకు ఇచ్చుటవలన అతనికి లాభమేమైన కలదా? ఇతర సాక్షులతో సంబంధము లేక స్వతంత్రముగా చెప్పుచున్నాడా, లేక ఒకరినొకరు చూచి వ్రాసికొనిరా? లింకు చుట్టునున్న వాక్యము ఏమి చెప్పుచున్నది? ఈ నాలుగవ ప్రశ్నను పలువురు మరచిపోవుదురు. అబద్ధమును ఖండించుచు వ్రాసిన వ్యాసములోను ఆ అబద్ధపు పుటకు లింకు ఉండవచ్చును. ప్రతి లింకును మెచ్చుకోలు కాదు. పాత తీర్పును పేర్కొన్న క్రొత్త తీర్పు దానిని త్రోసిపుచ్చినదై కూడ ఉండవచ్చును గదా!

వచ్చు లింకులను చూచుట ఎట్లు? సామాన్య చదువరికి సులభమైన దారి, ఆ వెబ్‌సైటు పేరునో, పుట శీర్షికనో ఉద్ధరణ చిహ్నముల నడుమ నుంచి వెదకులాట యంత్రమును అడుగుట. ఆ పేరును పేర్కొనిన ఇతర పుటలు కొన్నియైనను కనబడును. వెబ్‌సైటు పేరు చివరనున్న తోకను కూడ గమనింపవలెను. ‘గవ్ డాట్ ఇన్’ అను తోక భారతదేశమునందలి ప్రభుత్వ సంస్థలకును, ‘ఏసీ డాట్ ఇన్’ అనునది విద్యాసంస్థలకును ప్రత్యేకింపబడినవి. 2003లో ప్రారంభమైన తెలుగు వికీపీడియాలో ఈ విద్యను అభ్యసించుట మరింత సులభము. అందలి వ్యాసములకు ‘ఇక్కడికి లింకున్న పేజీలు’ అను పనిముట్టు కలదు. కొల్లేరు వ్యాసమును తెరచి దానిని తాకినచో, వికీపీడియాలోని ఏయే వ్యాసములు కొల్లేటిని చూపుచున్నవో పట్టికగా వచ్చును. ఐతే ఆ పట్టిక ఒక విషయమునకు ఇతర విషయములతోగల చుట్టరికమును మాత్రమే తెలుపును. వ్యాసములోని మాట నిజమా, కాదా యని తెలియుటకు దాని అడుగున చూపిన ఆధారములను తెరచి చూడవలసినదే.

ఈ కొలబద్దకు హద్దులు కలవు. మొదటిది, పదిమంది చెప్పినంత మాత్రమున అబద్ధము నిజము కాదు. ఆసియాఖండములో కెల్ల పెద్ద మంచినీటి సరస్సు కొల్లేరని ఎవరైన అభిమానముతో వ్రాసిరనుకొనవచ్చును. వేయి పుటలు ఆ వాక్యమును చూపినను అది నిజము కానేరదు. సైబీరియాలోని బైకాల్ సరస్సు కూడ ఆసియాలోనిదే. దాని వైశాల్యము 31,000 చదరపు కిలోమీటర్లకు మించినది. భూగోళపటము ఎదుట వేయి లింకులును నిలువజాలవు.

రెండవది, రెండు పుటలు వేర్వేరుగా చెప్పినప్పుడు ఒకటి అబద్ధమని తొందరపడరాదు. కొల్లేటి విస్తీర్ణము 308 చదరపు కిలోమీటర్లని కొన్ని పుటలును, 901 చదరపు కిలోమీటర్లని కొన్ని పుటలును చెప్పును. రెండు పక్షములకును లింకులు కలవు. దేనికి ఎక్కువ కలవో లెక్కించుటవలన ఫలము లేదు. లింకుల వెంబడి మూలమునకు పోయినప్పుడే గుట్టు తెలియును. 1999లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము సముద్రమట్టమునకు 5 అడుగుల ఎత్తును సూచించు గీతవరకు గల 308 చదరపు కిలోమీటర్ల భాగమును వన్యప్రాణుల అభయారణ్యముగా ప్రకటించెను. 2002 ఆగస్టు 19న కొల్లేరు రామ్‌సార్ ఒప్పందము క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యముగల చిత్తడినేలల పట్టికలో చేరినప్పుడు నమోదైన విస్తీర్ణము 90,100 హెక్టారులు, అనగా 901 చదరపు కిలోమీటర్లు. రెండు అంకెలును సరియైనవే. కాని అవి రెండు వేర్వేరు హద్దులకు చెందినవి. ఈ హద్దుగీతలపై సరస్సు లోపలి గ్రామముల జీవనమును, గూడబాతుల నివాసమును ఆధారపడి యుండుటచే, ఏ అంకె దేనికి చెందినదో తెలియక వాదించుట ఉభయులకును హాని.

మూడవది, లింకులకు వయస్సు కలదు. 2020 డిసెంబరు 5వ తేదీ మొదలుకొని ఏలూరు పట్టణమున పెద్దలు, పిల్లలు అను భేదము లేక పలువురు హఠాత్తుగా మూర్ఛతో పడిపోయిరి. కొలది దినములలోనే బాధితుల సంఖ్య 600 దాటెను. లోకమెల్ల కోవిడ్ భయములో నున్న కాలమది. కారణమేమో తెలియక ఊరంతయు తల్లడిల్లెను. మొదటి దినమున ఏ పుటకును నమ్మదగిన లింకులుండవు. ఏలయన సాక్షులు పలుకుటకు కాలము పట్టును. ఢిల్లీలోని ఎయిమ్స్ సంస్థ పరీక్షించిన రక్తములో సీసము, నికెలు అను లోహములు కనబడినవని కొలది దినములలో ప్రకటన వెలువడెను. ఆ వార్త దేశమంతటను వ్యాపించెను. తరువాత, డిసెంబరు మధ్యనాటికి, వివిధ సంస్థల పరీక్షలను కలిపి చూచి, పురుగుమందుల అవశేషములు ప్రధాన కారణమని నిపుణులు అభిప్రాయపడిరి. దీర్ఘకాల పరిశోధన అవసరమనియు తెలిపిరి. కాని మొదటి వార్తను చూపిన లింకులు చెరిగిపోలేదు. నేటికిని వాని వెంట పోయిన చదువరి సగము కథతోనే తిరిగివచ్చును. కావున పుటను ఎవరు చూపిరనుటతోబాటు ఎప్పుడు చూపిరనియు, ఆ పుట తేదీ ఏదనియు చూడవలెను.

నాలుగవది, లింకులు లేని పుట అబద్ధపు పుట కాదు. కొల్లేటి లంకగ్రామములోని ఉపాధ్యాయుడొకడు తన ఊరికి ఏ నెలలో ఏ పక్షులు వచ్చునో ఏళ్లతరబడి గమనించి తెలుగున వ్రాసి పెట్టెననుకొనవచ్చును. ఆంగ్లముతో పోల్చినచో తెలుగు పుటలు తక్కువ. వానిని చూపు పుటలు మరింత తక్కువ. ఆ వ్రాతకు ఒక్క లింకైనను లేకపోవచ్చును. ప్రధాన కాలువకు దూరమున నున్న పొలమునకు నీరు అందకపోవుట ఆ నేల సారము లేనిదగుటవలన కాదు. అట్టి పుటను అందలి వివరములతోను, తేదీలతోను, కంటితో చూచిన సంగతులతోను పరీక్షింపవలెను. పరీక్షకు నిలిచినచో, చదువరి తన వ్రాతలో దానిని పేర్కొని దానికి మొదటి లింకు ఇయ్యవచ్చును.

ఈ చివరిమాటలో ఒక బాధ్యత కలదు. లింకు ఇచ్చువాడు సాక్ష్యము చెప్పుచున్నవాడు. ఫోనులో వచ్చిన పుటను చదువకయే బంధుమిత్రులకు పంపువాడు, తాను ఎరుగని వర్తకునకు పూచీపడినవానితో సమానుడు. నేడు కొన్ని యంత్రములు పుటలను చూపుటకు బదులు సమాధానమును తామే వాక్యములుగా అల్లి చెప్పుచున్నవి. వానిని కూడ ‘ఇది ఎక్కడిది?’ అని అడిగి, చూపిన మూలమును తెరచి చూచుట అవసరము. వచ్చిన దారులను లెక్కించుట యంత్రమునకు తెలియును. ఆ దారులను చూపినవారు ఎట్టివారో తూచి చూచుట, తాను చూపు దారి సరియైనదో కాదో ముందు తెలిసికొనుట చదువరి చేయవలసిన పని.